పాత పేటని కాపాడుకోవడం కుదురుతుందా? కుదురుతుంది, కానీ ఇళ్ళ జాబితాతో మొదలుపెడితే కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పాతబస్తీలో మీ గల్లీలో ఇళ్ళు చాలావరకు ఎనభై తొంభై ఏళ్ళ నాటివి, ఇప్పుడు రోడ్డు వెడల్పు, పునరభివృద్ధి అని గోడల మీద గుర్తులు వేసి వెళ్ళారు, ఇలాంటప్పుడు పేట మొత్తాన్ని కాపాడుకోవడం నిజంగా అయ్యే పనేనా, లేక ఇచ్చిన పరిహారం తీసుకుని వెళ్ళిపోవడం మేలా. నేను ఆర్కిటెక్టుని, పాత ఇళ్ళ మరమ్మతులే నా పని, హైదరాబాద్‌లోనూ అహ్మదాబాద్‌లోనూ చేశాను. అయ్యే పనే. అయితే "మా ఇల్లు హెరిటేజ్, జాబితాలో పెట్టండి" అని మొదలుపెట్టిన పేటలు నేను చూసినంతలో నిలబడలేదు. అక్కడ ఉన్నవాళ్ళు అక్కడే ఉండగలిగేలా డబ్బు, రూల్సు, మరమ్మతు ఈ మూడూ కుదిరిన చోటే పేట మిగిలింది. నా జవాబంతా దీని చుట్టూనే ఉంటుంది, కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు "కాపాడటం" అంటే దేన్ని అన్నది మీ గల్లీవాళ్ళందరూ కూర్చుని తేల్చుకోవాలి, ఎందుకంటే రేపు ఆఫీసర్ల ముందు తలా ఒకటి మాట్లాడితే పని అక్కడే చెడుతుంది. మూడు ఊళ్ళ కథ చెబుతాను. పారిస్‌లో మారే అనే పాత పేట ఉంది. 1960ల నాటికి బాగా పాడుబడి, కిక్కిరిసిన అద్దె గదులతో, చిన్న చిన్న వర్క్‌షాపులతో ఉండేది. 1962లో ఫ్రాన్స్ ఒక చట్టం తెచ్చి (అప్పటి సాంస్కృతిక మంత్రి పేరుతో మాల్రో చట్టం అంటారు) కట్టడాన్ని ఒంటరిగా కాకుండా పేటకు పేటనే రక్షిత ప్రాంతంగా ప్రకటించే పద్ధతి మొదలుపెట్టింది. చట్టంగా చూస్తే గొప్ప అడుగు. ఆ పాత భవనాలు ఈ రోజుకీ చక్కగా ఉన్నాయి. కానీ మరమ్మతులయ్యాక అద్దెలు పెరిగాయి, పెరళ్ళలో ఉన్న వర్క్‌షాపుల షెడ్లను "శుభ్రం చేయడం" పేరుతో తీసేశారు, అక్కడ తరాలుగా బతికిన కూలీలు, చేతిపనివాళ్ళు వెళ్ళిపోయారు. ముంబై భిండీ బజార్‌లో సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. 2009లో మొదలైన ఆ ప్రాజెక్టులో పదహారున్నర ఎకరాల్లో ఉన్న దాదాపు 250 పాత భవనాలను తీసేసి టవర్లు కడుతున్నారు. మూడు వేల పైచిలుకు కుటుంబాలకు, పన్నెండు వందలకు పైగా దుకాణాలకు అక్కడే చోటిస్తామన్నారు, అద్దెకున్నవాళ్ళకి కూడా సొంత ఫ్లాటు. పాత పేట ఆనవాలు పోతుంది, మనుషులు మాత్రం ఊరి చివరికి పోనక్కర్లేదు. నన్నడిగితే ఈ రెండిట్లో భిండీ బజారే కాస్త నయం, ఈ మాటకి నా తోటి పరిరక్షణ ఆర్కిటెక్టులు చాలామంది ఒప్పుకోరు.

మూడోది ఇటలీలో బొలోన్యా, నేను అందరికీ చెప్పేది ఇదే. 1969లో ఆ ఊరి మునిసిపాలిటీ పాత నగరానికి ఒక ప్లాన్ వేసింది, 1973కి వచ్చేసరికి దాన్ని గృహనిర్మాణ పథకంగా మార్చింది. కమ్యూనిస్టుల చేతిలో ఉన్న కౌన్సిల్ అది, ప్లానింగ్ చూసిన ఆర్కిటెక్టు పియెర్ లుయిజీ చెర్వెల్లాతి. వాళ్ళు చేసిన తెలివైన పని ఒక్కటే. పేదలకు ఇళ్ళ కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో ఊరి బయట కొత్త బ్లాకులు కట్టకుండా, అదే డబ్బుని పాత నగరంలో శిథిలమైన వరస ఇళ్ళ మరమ్మతుకి పెట్టారు. చేతిపనివాళ్ళు ఉండే ఇరుకిరుకు వరస ఇళ్ళు ఒక రకం, పెరడున్న పెద్ద ఇళ్ళు ఇంకో రకం, ఇలా ఇళ్ళను రకాలుగా విడదీసి, ఏ రకంలో ఏం మార్చొచ్చు ఏం మార్చకూడదు అని ముందే రాసిపెట్టారు. మరమ్మతు జరిగినన్నాళ్ళు ఉన్నవాళ్ళను దగ్గర్లోనే వేరే ఇళ్ళలో ఉంచి, అయ్యాక వెనక్కి తెచ్చారు. మొదట యజమానుల దగ్గర్నుంచి ఇళ్ళు ప్రభుత్వమే తీసుకుందామనుకున్నారు గానీ చిన్న యజమానులు గట్టిగా ఎదురు తిరిగారు, దాంతో ఒప్పందాలకి దిగారు: మరమ్మతుకి మేం సాయం చేస్తాం, బదులుగా పాత అద్దెదారుని ఖాళీ చేయించొద్దు, అద్దె మేం చెప్పిన హద్దు దాటొద్దు. ఈ చివరి షరతు గుర్తుపెట్టుకోండి. సాయం ఊరికే ఇస్తే ఆ సొమ్ముతో ఇల్లు బాగుపడుతుంది, బాగుపడిన ఇంటికి అద్దె పెరుగుతుంది, అద్దెకున్నవాడు పోతాడు. మారేలో జరిగింది అదే.

ఇక మన ఊరి సంగతి. హైదరాబాద్‌కి చట్టం లేదనుకోకండి. ముంబై తర్వాత దేశంలో వారసత్వ నిబంధనలు తెచ్చిన తొలి నగరాల్లో మనదొకటి. 1995 డిసెంబర్‌లో అప్పటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ నంబరు నిబంధన కింద ఇవి వచ్చాయి, భవనాల జాబితా వచ్చింది, అనుమతులు చూడటానికి ఒక కమిటీ వచ్చింది. 2015 డిసెంబర్‌లో ఆ నిబంధన తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కడతామన్న కేబినెట్ నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది, అది మనందరికీ పెద్ద బలం. అయితే ఒక్కటి గమనించండి, ఎర్రమంజిల్ ఒక ప్యాలెస్, పేరున్న కట్టడం, దాని తరఫున నిలబడటానికి నగరంలో నలుగురు పెద్దవాళ్ళు ఉన్నారు. మీ గల్లీలో ఇరవై ముప్ఫై మామూలు ఇళ్ళున్నాయి. ఏ ఇంటికి ఆ ఇంటిని చూస్తే ఏదీ జాబితాకెక్కేంత గొప్పది కాకపోవచ్చు, అన్నీ కలిసి ఒకే ఎత్తులో, ఒకే గోడ వరసలో, వీధి మీదికి తెరుచుకుని ఉండటమే దాని విలువ. ఒక్కో కట్టడాన్ని ఎంచి పెట్టే జాబితాకి ఇది పట్టదు. అందుకే జాబితా కోసం మీ శక్తంతా పెట్టొద్దంటున్నాను. అడగండి, అది కూడా ఒక కాగితం, కానీ మొదట అడగాల్సింది అది కాదు.

చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి దగ్గర్లో ఉంటే ఇంకో సంగతి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత అలాంటి కట్టడం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడం నిషిద్ధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. చాలామంది దీన్ని రక్షణ అనుకుంటారు. కట్టడానికి రక్షణే, కానీ ఆ హద్దులో ఇల్లున్నవాడు మరమ్మతుకి కూడా అనుమతి తెచ్చుకోవాలి, ఆ తిరుగుడు పడలేక ఇంటిని అలాగే వదిలేస్తాడు, పది వానలకి పైకప్పు కూర్చుంటుంది. మీ ఇల్లు ఆ హద్దులో ఉందో లేదో ముందే తెలుసుకోండి.

అసలు గొడవ రోడ్డు గీత. మాస్టర్ ప్లాన్‌లోనో రోడ్డు అభివృద్ధి ప్లాన్‌లోనో ఎప్పుడో ఎవరో ఒక వెడల్పు రాసి ఉంటారు, మీ వీధికి నలభై అడుగులు, అరవై అడుగులు అని. అది కాగితం మీద ఉన్నన్నాళ్ళు ఎవరికీ తెలియదు. కానీ ఆ గీత పడ్డ రోజు నుంచే ఇల్లు చావడం మొదలవుతుంది, ఎందుకంటే ఎప్పటికైనా కొట్టేస్తారన్న ఇంటి మీద ఎవరూ రూపాయి పెట్టరు, బ్యాంకు అప్పివ్వదు, కొనేవాడు రాడు. నేను చూసిన చాలా పాడుబడ్డ ఇళ్ళ వెనక యజమాని నిర్లక్ష్యం కంటే ఈ గీతే పెద్ద కారణం. కాబట్టి మీ మొదటి పని సమాచార హక్కు కింద దరఖాస్తు: మా వీధికి ప్లాన్‌లో ఎంత వెడల్పు, ఎప్పుడు నిర్ణయించారు, ఏ ట్రాఫిక్ అధ్యయనం ఆధారంగా, ఆ అధ్యయనం నకలు ఇవ్వండి. చాలాసార్లు మూడో, నాలుగో ప్రశ్నల దగ్గర ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. అది మీ చేతిలో మంచి కాగితం.

వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందా అంటే అహ్మదాబాద్ చూడండి. గోడ లోపలి పాత నగరంలో గాంధీ రోడ్డు మీద రద్దీ ఎక్కువైందని దానికి సమాంతరంగా పాత ఇళ్ళ మధ్య నుంచి రిలీఫ్ రోడ్డు అని కొత్తది కొట్టారు, అదీ స్వాతంత్ర్యానికి ముందు సంగతి. పేరే రిలీఫ్ రోడ్డు. ఈ రోజు వెళ్ళండి, రెండు రోడ్లూ కిటకిటలాడుతుంటాయి, ఇంకా చెప్పాలంటే కొట్టిన కొత్త రోడ్డుకి రెండు వైపులా వచ్చిన దుకాణాల వల్లే మరింత బండ్లు వచ్చాయి. మన దగ్గర కూడా వెడల్పు చేసిన రోడ్డులో ఎడమ వైపు పది అడుగులు పార్కింగ్, కుడి వైపు పది అడుగులు పార్కింగ్, మిగిలింది మునుపటి రోడ్డే. అయితే ఊరికే "వద్దు" అంటే ఎవరూ వినరు, మీరే ఇంకో ప్లాన్ ఇవ్వాలి: ఏ మలుపు దగ్గర నిజంగా బండ్లు ఆగిపోతున్నాయి, అక్కడ ఒక మూల మాత్రం కోస్తే సరిపోతుందా, ఒకవైపు దారి చేస్తే ఏమవుతుంది, పార్కింగ్‌కి దగ్గర్లో ఏ ప్రభుత్వ స్థలం ఖాళీగా ఉంది, సరుకు లారీలను రాత్రి పూటకి మార్చొచ్చా. ఒక సెలవు రోజు, ఒక పని రోజు మీ పిల్లలను వీధి మూలల్లో కూర్చోబెట్టి బండ్లు లెక్కపెట్టించండి. లెక్క ఉన్న కాగితానికి వచ్చే విలువ వేరు.

పునరభివృద్ధి అంటేనే కూల్చడం అని కూడా అనుకోవద్దు. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, అదీ పునరభివృద్ధే. చాలా ఇళ్ళు పోయాయి కూడా. కానీ అదే బోర్డు రాతి కమానుల వరసతో పత్తర్‌గట్టి కట్టింది, నడిచేవాళ్ళకి నీడ ఉండేలా దుకాణాల ముందు నడవ వదిలింది, ఇళ్ళు పోయినవాళ్ళ కోసం నాంపల్లి, మల్లేపల్లి లాంటి చోట్ల ఇళ్ళు కట్టింది. ఈ రోజు మనం పత్తర్‌గట్టిని వారసత్వం అంటున్నాం. కొత్తగా కట్టేదానికి అంత శ్రద్ధ పెడతామని ఎవరైనా చూపిస్తే నేను కూల్చివేతకి కూడా ఒప్పుకుంటాను, ఇంతవరకు చూపించిన డ్రాయింగుల్లో నాకు అది కనబడలేదు. కాశీలో విశ్వనాథ్ కారిడార్ కోసం గుడి చుట్టూ మూడు వందలకు పైగా ఇళ్ళూ దుకాణాలూ కొని తీసేశారు, 2021 డిసెంబర్‌లో ప్రారంభించారు. యాత్రికుడికి దారి విశాలమైంది, నిజమే. ఆ సందుల్లో తరాలుగా ఉన్న కుటుంబాలు మాత్రం ఇప్పుడు అక్కడ లేవు. మన పాతబస్తీలో ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాయి. మెట్రో అక్కర్లేదని నేననను, పాతబస్తీకి అది ఎప్పుడో రావాల్సింది. స్టేషన్ల చుట్టూ ఇప్పుడు ఏ రూల్సు పెడతారన్న దాని మీద ఆ వెనక గల్లీల బతుకు ఆధారపడి ఉంది, దాని గురించి ఇప్పుడే మాట్లాడాలి.

జేసీబీ రాకముందే ఇల్లు ఎలా పోతుందో చెబుతాను, ఇది మీ చేతిలో ఉన్న భాగం. మీ వీధిలోకి వెళ్ళి పాత ఇళ్ళ గడపలు చూడండి. ఒకప్పుడు రోడ్డు నుంచి రెండు మూడు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్ళేవాళ్ళు. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేస్తారు, ఒక్కోసారికి ఆరేడు అంగుళాలు. మెట్లు మునిగాయి, అరుగు మునిగింది, ఇప్పుడు చాలా ఇళ్ళలోకి గడప దాటి కిందికి దిగాలి. వాన పడితే వీధి నీళ్ళు ఇంట్లోకి. గోడ అడుగున తేమ పట్టి, నాలుగడుగుల ఎత్తు వరకు సున్నం పొడిలా రాలుతుంది. అప్పుడు ఇంటివాళ్ళు మేస్త్రీని పిలిస్తే అతను సిమెంటు ప్లాస్టరింగ్ చేసి వెళ్తాడు. పాత గోడ రాయీ సున్నమూ, లేదా ఇటుకా సున్నమూ, అది తేమని పీల్చి బయటికి వదులుతుంది. మీద సిమెంటు వేశాక బయటికి పోయే దారి మూసుకుపోతుంది, తేమ గోడలోనే పైకి ఎక్కుతుంది, ఎక్కి ఎక్కి దూలం గోడలోకి దిగిన చోటికి చేరుతుంది. దూలం మధ్యలో ఉక్కులా ఉంటుంది, గోడలో దాగిన జానెడు కొన మాత్రం కుళ్ళిపోయి వేలితో పొడిస్తే ఊడొస్తుంది. పైకప్పు కూలేది అక్కడే. కూలితే "పాత ఇల్లు కదా" అంటారు. ఇల్లు పాతదైనందుకు కూలలేదు, రోడ్డు పెంచినందుకూ సిమెంటు పూసినందుకూ కూలింది.

కాబట్టి వానాకాలం ముందు చేయాల్సింది చాలా మామూలు పని. గోడ అడుగున సిమెంటు కొట్టించి సున్నంతో తిరిగి పూయించండి. గానుగ సున్నం (గానుగలో ఇసుకతో నూరిన సున్నం) పనివాళ్ళు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నారు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి చేసే పాత పద్ధతి తెలిసినవాళ్ళు గుళ్ళ, దర్గాల మరమ్మతుల్లో దొరుకుతారు, అక్కడ అడగండి. దూలం కొన పోతే దూలం మొత్తం మార్చక్కర్లేదు, కుళ్ళిన ముక్క కోసి కొత్త టేకు ముక్క అతికి, రెండు పక్కలా ఇనుప పట్టీలు వేసి బోల్టు చేస్తే చాలు. ఆర్‌సీసీ స్లాబు వేసి కొత్తగా కట్టేదానితో పోలిస్తే ఖర్చు ఎక్కడో కింద ఉంటుంది. ఇక కొత్త రోడ్డు వేస్తున్నప్పుడు పాతది తవ్వి ఆ మట్టంలోనే వేయమని వార్డు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. పేట మొత్తం సంతకాలు పెట్టి అడగాల్సిన మొట్టమొదటి కోరిక నా దృష్టిలో ఇదే, దీనికి ఏ హెరిటేజ్ చట్టమూ అక్కర్లేదు.

ఇంకో నెమ్మది చావు పంపకాలు. మధ్యలో వాకిలి ఉన్న పెద్ద ఇల్లు, నలుగురు అన్నదమ్ములు. వాకిలి మధ్య గోడ కడతారు. వాకిలికి వాన నీళ్ళు బయటికి పోయే తూము ఒక మూలే ఉంటుంది, ఆ మూల ఒకరి వాటాలోకి వెళ్తుంది, మిగతా ముగ్గురి వైపు నీళ్ళు నిలబడతాయి, గోడలు నానుతాయి. ఆ తర్వాత ఒకరు అమెరికాలో, ఒకరు కూకట్‌పల్లిలో, మిగిలినవాళ్ళలో ఎవరూ మరమ్మతుకి డబ్బు తియ్యరు, ఎవరి పేరున పట్టా ఉందో తేలదు. నోటీసు వచ్చినప్పుడు పరిహారం ఎవరికివ్వాలో తెలియక డబ్బు కోర్టులో పడి ఉంటుంది. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే వారసత్వ కాగితాలు ఈ నెలలోనే సరిచేసుకోండి. కాగితాలు సరిగ్గా లేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా కాపాడటం మాలాంటివాళ్ళ వల్ల కాదు.

రూల్సు గురించి. మీరే మీ ఇంటిని తిరిగి కట్టుకుందామన్నా భవన నిబంధనలు పాత పేట ఆకారాన్ని ఒప్పుకోవు. ముందు ఇంత వదలాలి, పక్కన ఇంత వదలాలి, పార్కింగ్ చూపించాలి. పాత ఇల్లు వీధి అంచునే నిలబడుతుంది, పక్కింటితో గోడ పంచుకుంటుంది, గాలీ వెలుతురూ మధ్య వాకిలి నుంచి తీసుకుంటుంది. ఈ సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ) వదిలాక మిగిలే ముక్కలో వాకిలి పట్టదు, కింద స్టిల్టు (స్తంభాల మధ్య పార్కింగ్), పైన గదులు, వీధి మీద అరుగు బదులు షట్టరు. ఒక్క ఇల్లు అలా లేస్తే వరస తెగిపోతుంది. అందుకే "పాత గోడ వరసలో, పాత ఎత్తులో, వాకిలి ఉంచి కట్టేవాళ్ళకి ముందు సెట్‌బ్యాక్, పార్కింగ్ నుంచి మినహాయింపు ఇవ్వండి" అని అడగడం జాబితా అడగడం కంటే చాలా ఎక్కువ ఉపయోగం. ప్రభుత్వానికి దీనికయ్యే ఖర్చు కూడా ఏమీ లేదు.

డబ్బు విషయంలో అహ్మదాబాద్ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. అక్కడి పాత నగరంలో పేటల్ని పోళ్ అంటారు. ఒక గేటు, లోపల మెలికలు తిరిగే సందులు, చెక్క చెక్కడాల ఇళ్ళు, ఇంటి కింద వాన నీళ్ళు దాచుకునే తొట్టి, మధ్యలో పక్షులకి గింజలేసే చబూత్రా. 1996లోనే కార్పొరేషన్‌లో హెరిటేజ్ విభాగం పెట్టారు, 1997లో రోజూ పొద్దున్నే జరిగే హెరిటేజ్ వాక్ మొదలుపెట్టారు, 2017లో దేశంలో మొదటి ప్రపంచ వారసత్వ నగరంగా యునెస్కో గుర్తించింది. బోర్డులు, నడకలు పక్కన పెట్టండి, యజమానికి అక్కరకొచ్చింది టీడీఆర్, అంటే బదలాయించుకోగల అభివృద్ధి హక్కు. జాబితాలో ఉన్న ఇంటి యజమాని తన స్థలంలో కట్టుకోగలిగి కూడా కట్టకుండా వదిలేసిన అంతస్తుల హక్కుని నగరంలో వేరే చోట కట్టే బిల్డరుకి అమ్ముకోవచ్చు, ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవచ్చు. మన దగ్గర 2012 నాటి జీవో 168లో కూడా వారసత్వ భవనాలకు టీడీఆర్ ఉంది, కానీ జనానికి తెలిసింది రోడ్డుకి స్థలం వదిలితే వచ్చే టీడీఆరే. అంటే ఇల్లు కొట్టేసుకున్నవాడికి కాగితం చేతికొచ్చే దారి తెలుసు, నిలబెట్టుకున్నవాడికి తెలియదు. మీ పేటకి దీన్ని వర్తింపజేయమని అడగండి. అహ్మదాబాద్‌లో కూడా అంతా సవ్యంగా లేదు, పోళ్ళలో ఇళ్ళు గోడౌన్లుగా మారుతున్నాయి, జనం సబర్మతి అవతలికి వెళ్ళిపోతున్నారు. ఇల్లు మిగిలి, రాత్రి తొమ్మిదికి ఒక్క దీపం వెలగని సందులు నేను అక్కడ చూశాను. అందుకే టీడీఆర్‌తో పాటు "కింది అంతస్తులో నివాసం ఉండాలి, గోడౌన్‌గా మార్చకూడదు" అన్న షరతు కూడా మీరే అడగాలని చెబుతాను, చాలామంది యజమానులకి ఇది నచ్చదని తెలిసినా.

పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధి చూడండి వీలైతే. తమిళ పేటలోని ఆ వీధిలో 2002 తర్వాత యూరోపియన్ యూనియన్ పథకం కింద, ఇంటాక్ (వారసత్వ కట్టడాల కోసం పనిచేసే సంస్థ) వాళ్ళు కలిసి, ఇళ్ళ ముందు భాగాలు, తిన్నెలు, వసారాలు వరసగా బాగుచేశారు, 2008లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. ఒక్క వీధి. ఊరంతటినీ ఒకేసారి తలకెత్తుకోకుండా ఒక్క వీధిని చేసి చూపించడం మీలాంటి గల్లీకి సరిపోయే దారి.

ఇప్పుడు మీ నోటీసు. ఇది భూసేకరణా, లేక "స్వచ్ఛందంగా" స్థలం వదలమని అడుగుతున్న రోడ్డు వెడల్పా, ముందు తేల్చుకోండి. రెండోదైతే ఖాళీ సమ్మతి పత్రం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు, ఎన్ని గజాలు, బదులుగా ఏమిటి అని రాసి ఉన్నదాని మీదే పెట్టండి. 2013 చట్టం కింద భూసేకరణ అయితే ప్రాథమిక ప్రకటన వచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు, ఇంటింటికీ విడిగా రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. సామాజిక ప్రభావ అధ్యయనం జరిగిందా అని అడగండి. తెలంగాణ తెచ్చిన సవరణలతో కొన్ని రకాల ప్రాజెక్టులకు మినహాయింపు ఇవ్వొచ్చు, ఇచ్చారా, ఏ ఉత్తర్వుతో ఇచ్చారు అని కూడా అడగండి. ఒక ముఖ్య విషయం, మూడేళ్ళకి పైగా అక్కడ నివసిస్తున్న కుటుంబం, లేదా మూడేళ్ళుగా అక్కడే జీవనోపాధి ఉన్న కుటుంబం, యజమాని కాకపోయినా ప్రభావిత కుటుంబమే. మీ వీధిలో అద్దెకున్నవాళ్ళ చేత కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పిల్లల స్కూలు కాగితాలు ఇప్పుడే ఒక ఫైలులో పెట్టించండి. యజమానులూ అద్దెదార్లూ విడిపోయిన వీధి ఎక్కడా నిలబడలేదు.

వానాకాలంలో శిథిల భవనం అని జీహెచ్ఎంసీ చట్టం 456 సెక్షన్ కింద నోటీసులు వస్తాయి. నిజంగా ప్రమాదంలో ఉన్న ఇల్లుంటే మనుషుల్ని వెంటనే బయటికి తీసుకురండి, ఇందులో పట్టుదలకి పోవద్దు. కానీ పాతదైనంత మాత్రాన శిథిలం కాదు. పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు చేత "ఏ భాగం బలహీనం, ఏ మరమ్మతుతో నిలబడుతుంది" అని రాయించుకోండి. కాంక్రీటు మాత్రమే చూసిన ఇంజనీరు చెక్క దూలం కనబడగానే కూల్చమని రాస్తాడు.

వెడల్పు తప్పకపోయినా, ఇంటి ముందు పది అడుగులే పోతున్నా, ఎలా కోస్తారన్నది చాలా ముఖ్యం. పాత ఇంట్లో ముందు గదుల దూలాలు ఎక్కువగా వీధి గోడ మీద ఆని ఉంటాయి. జేసీబీతో ఆ గోడ లాగితే దూలాలు ఊగి వెనక గది కప్పు కూడా కదులుతుంది, పక్కింటితో ఉన్న ఉమ్మడి గోడ చీలుతుంది, అలా గోడ మీద గుర్తు పడని ఇళ్ళు కూడా పోయాయి. కోసే ముందే లోపల దూలాల కింద ఇనుప జాకీలు పెట్టించి, చేత్తో, పై నుంచి కిందికి, వరస వరసగా విప్పమనండి. తలుపులు, కిటికీలు, చెక్క స్తంభాలు, కమాను రాళ్ళు నంబర్లు వేసి దాచుకోండి, కొత్త ముందు గోడకి అవే వాడొచ్చు. పక్కింటివాళ్ళ గోడల ఫోటోలు తేదీతో సహా ముందే తీసిపెట్టండి, తర్వాత బీట ఎప్పుడొచ్చిందన్న వాదన రాదు.

మరి వెళ్ళిపోవడం మేలా అన్నారు కదా. మీ ఇల్లు ఇల్లు మాత్రమే అయితే, ఉద్యోగం వేరే చోట ఉంటే, పంపకాల్లో మీ వాటా రెండు గదులే అయితే, పరిహారం న్యాయంగా ఉంటే వెళ్ళండి, అందులో తప్పేం లేదు, పేట కోసం ఎవరూ తమ పిల్లల భవిష్యత్తు పణంగా పెట్టక్కర్లేదు. కానీ ఇంట్లోనే పని ఉంటే లెక్క మారిపోతుంది. లాడ్ బజార్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ గాజులు తయారయ్యేది ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఇళ్ళలోనే. ముందు గదిలో బొగ్గుల కుంపటి మీద లక్క కరుగుతుంటుంది, ఆయన గాజు చుడితే ఆవిడ రాళ్ళు అతుకుతుంది, మధ్యాహ్నానికి పిల్లాడు నడుచుకుంటూ వెళ్ళి దుకాణంలో ఇచ్చి వస్తాడు. కార్‌చోబ్ (చట్రం మీద గుడ్డ బిగించి చేసే జరీ కుట్టు) పని చేసేవాళ్ళకీ అంతే, చట్రం పరిచేంత గది, వెలుతురు, నడిచివెళ్ళే దూరంలో బజారు ఉండాలి. ఈ కుటుంబాన్ని ఊరి చివర ఐదో అంతస్తు ఫ్లాటులో పెడితే గజానికి ఎంతిచ్చినా ఆ పని పోతుంది. పరిహారం లెక్కలో ఇది రావాలంటే మీరే రాసి చూపించాలి: ఏ ఇంట్లో ఏ పని, ఎంతమంది, నెలకి ఎంత, సరుకు ఎక్కడికి పోతుంది.

ఇది చేయాలంటే వీధి సర్వే ఒకటి కావాలి, అది లేకుండా పైన చెప్పిన ఏ కోరికా నిలబడదు. ప్రతి ఇంటికీ ఒక పేజీ చాలు: కట్టిన కాలం, గోడ దేనితో, కప్పు దేనితో, ఏ మరమ్మతు కావాలి, ఎవరుంటున్నారు, ఏ పని చేస్తారు, కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి. దగ్గర్లోని ఆర్కిటెక్చర్ కాలేజీని అడిగితే విద్యార్థులు కొలతలు తీసి డ్రాయింగులు గీసిస్తారు, వాళ్ళకి ఎలాగూ సెమిస్టర్ ప్రాజెక్టు కావాలి. కాగితాల వివరాలు మాత్రం బయటివాళ్ళకి ఇవ్వకుండా మీలో ఒకరి దగ్గరే ఉంచండి.

మీ నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షన్ రాసి ఉందో, తేదీ ఎంతో, గుర్తు గోడకి ఎన్ని అడుగుల లోపల పడిందో ఇక్కడ రాయండి, పేర్లు, ఇంటి నంబరు చెరిపేసి ఫోటో పెట్టినా సరే. గడువు ఇంకా ఉంటే అభ్యంతర పత్రం ఎలా రాయాలో, అందులో ముందు ఏది పెట్టాలో చెబుతాను. గడువు దాటిపోయి ఉంటే దారి వేరు, అప్పుడు ముందుగా భూసేకరణ కేసులు చూసే లాయరుని కలవండి, ఆ లోపు సర్వే మాత్రం ఆపకండి.